షినానోమాచి నుంచి సప్పోరో దాకా, వెన్నుపాము వెంట

షినానోమాచి చిన్న స్టేషన్. టోక్యో నడిబొడ్డున పసుపుపచ్చ గీతల లోకల్ రైలు దిగి గేటు దాటితే ఎదురుగా రోడ్డు, రోడ్డుకు అవతల కేయో యూనివర్సిటీ ఆసుపత్రి. ఫిబ్రవరి ఉదయం. ఎండ ఉంది గానీ వేడి లేదు. నల్గొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసే తెలుగు ప్రయాణికుడొకరు కోటు కాలర్ పైకి లాక్కుని కాసేపు ఆ రోడ్డు పక్కనే నిలబడిపోయారు. ఆయనకు లోపల ఎవరితోనూ అపాయింట్‌మెంట్ లేదు. వెన్ను విరిగి కాళ్లు చచ్చుబడిన మనుషులతో రోజూ పనిచేసేవాడికి ఈ ఆసుపత్రి పేరు కొన్నేళ్లుగా చెవిన పడుతూనే ఉంది. జపాన్ దాకా వచ్చి ఆ చోటు చూడకుండా పోవడానికి మనసొప్పలేదు.

ఆసుపత్రి దాటి ఇంకొంచెం నడిస్తే మెయిజీ జింగూ గైఎన్ ఉద్యానం. శరదృతువులో బంగారు రంగుకు తిరిగే గింకో చెట్లు ఈ కాలంలో ఒట్టి కొమ్మలతో బారులు తీరి ఉంటాయి. అక్కడికి దగ్గర్లోనే జాతీయ స్టేడియం. 2021 ఆగస్టు 24న పారాలింపిక్స్ ప్రారంభోత్సవం జరిగింది ఇక్కడే. కొవిడ్ వల్ల ప్రేక్షకులు లేరు. ఖాళీ కుర్చీల మధ్య, చక్రాల కుర్చీల్లో క్రీడాకారులు మైదానంలోకి వచ్చారు. వాళ్లలో చాలామందిది వెన్నుపాము గాయమే.

అది జరిగి నాలుగు నెలలు తిరగకముందే, ఆ సంవత్సరం డిసెంబరులో, కేయోలో ప్రపంచంలో అంతకుముందు ఎవరూ చేయని ఆపరేషన్ ఒకటి జరిగింది. ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, గాయం కింద కదలికా స్పర్శా రెండూ పోయిన మనిషికి, ఐపీఎస్ కణాల (పెద్దయిన కణాలను పిండదశ లాంటి స్థితికి వెనక్కి తిప్పి చేసేవి) నుంచి తయారుచేసిన నాడీ మూలకణాలను గాయం ఉన్న చోటే ఎక్కించారు. మొత్తం 20 లక్షల కణాలు. సంఖ్య పెద్దగా వినిపిస్తుంది గానీ పరిమాణంలో అది ఒక చుక్క. ఆ పరిశోధనను నడిపింది ఇద్దరు: శరీరధర్మ శాస్త్రవేత్త హిదెయుకి ఒకానో, ఎముకల సర్జన్ మసాయా నకమురా. ప్రభుత్వ కమిటీ నుంచి 2019 ఫిబ్రవరిలోనే అనుమతి వచ్చినా, మహమ్మారి వల్ల మొదటి రోగి దాకా వచ్చేసరికి దాదాపు మూడేళ్లు పట్టింది.

మొత్తం నలుగురికి చేశారు. నలుగురూ మగవాళ్లే, ఇద్దరు అరవై, ఆపైన వయసువాళ్లు. 2025 మార్చి 21న కేయో ఫలితాలు బయటపెట్టింది. ఒకాయన అప్పటికి ఆసరా లేకుండా లేచి నిలబడగలుగుతున్నారు, నడక సాధన చేస్తున్నారు. రెండో ఆయన చేతుల్లో, కాళ్లలో కొన్ని కండరాలకు కదలిక వచ్చింది గానీ తనంతట తాను నిలబడలేకపోయారు. మిగిలిన ఇద్దరిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కణాల వల్ల తీవ్రమైన హాని మాత్రం ఎవరికీ జరగలేదు.

వెన్నుపాము గాయాలను వైద్యులు ఏ నుంచి ఈ దాకా అయిదు మెట్లుగా లెక్కిస్తారు. ఏ అంటే గాయం కింద పూర్తిగా పడిపోవడం, ఈ అంటే మామూలు మనిషి. కేయోలో నలుగురూ ఏ మెట్టు మీదే ఉన్నవాళ్లు. ఒకరు సీ దాకా, ఒకరు డీ దాకా వచ్చారు. కాగితం మీద అది అక్షరం మారడమే. ఫిజియోథెరపిస్టు కళ్లతో చూస్తే మాత్రం ఏ నుంచి సీకి రావడం అంటే చెంచా నోటి దాకా తెచ్చుకోగలగడం కావచ్చు, పక్కమీద తనే పక్కకు ఒత్తిగిలగలగడం కావచ్చు, ఇంట్లో ఒకరి రాత్రి నిద్ర మిగలడం కావచ్చు. బయటివాళ్లు నడుస్తాడా లేదా అని ఒక్కటే అడుగుతారు. మంచం మీద ఉన్న మనిషిని అడిగితే, చేతులు కూడా పడిపోయినవాడు ముందు చేతులంటాడు, కాళ్లు మాత్రమే పడిపోయినవాడు మూత్రం, దొడ్డి తన అదుపులోకి రావాలంటాడు, నడక సంగతి ఆ వెనకే. నల్గొండలోనైనా టోక్యోలోనైనా ఈ వరస పెద్దగా మారదు.

నలుగురిలో ఇద్దరు అన్న లెక్కను పట్టుకుని పరుగెత్తకూడదన్నది కేయో బృందం కూడా దాచలేదు. గాయమైన తొలి నెలల్లో కొందరికి ఏ చికిత్సా లేకుండానే కొంత కదలిక తిరిగి వస్తుంది. నలుగురికీ ఆపరేషన్ జరిగింది, గట్టి పునరావాస శిక్షణా జరిగింది. ఏది దేని ఫలమో నలుగురిని చూసి తేల్చలేం. ఈ ప్రయోగం అడిగిన ప్రశ్న అసలు వేరు: ఈ కణాలు మనిషి వెన్నులో పెడితే ప్రమాదమా, కాదా? దానికి ఒక జవాబు దొరికింది.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే హనేడా విమానాశ్రయం వైపు ఒకసారి తిరిగి చూడాలి. రన్‌వేకు పక్కగా తామా నది సముద్రంలో కలుస్తుంది. నదికి అవతలి ఒడ్డు కవాసాకి. అక్కడి ప్రయోగ జంతువుల కేంద్రం అరచేతిలో ఇమిడే మార్మోసెట్ అనే చిన్న కోతులకు పేరు మోసింది. కేయో బృందం ఎలుకల తర్వాత ఈ కోతుల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. దెబ్బతిన్న కోతుల వెన్నులో మానవ కణాలు నిలదొక్కుకున్నాయి, పట్టు తిరిగి వచ్చింది. కానీ ఎలుకల్లో చేసిన కొన్ని ప్రయోగాల్లో మొదట కోలుకున్న జంతువులు నెలల తర్వాత మళ్లీ చతికిలబడ్డాయి. కోసి చూస్తే ఎక్కించిన కణాలు ఆగకుండా పెరిగి గడ్డలయ్యాయి. ఐపీఎస్ కణాల్లో ఏ రకం మంచిదో, ఏది మొండికేసి పెరుగుతుందో వేరుచేయడానికీ, కణాలు విభజన మానేసి నాడీకణాలుగా స్థిరపడేలా ఎక్కించే ముందు ఒక రసాయనంతో శుద్ధి చేయడానికీ మరికొన్నేళ్లు పట్టింది. బయటినుంచి చూసేవాళ్లకు అది జాప్యం. ఆ ఏళ్లే లేకపోతే షినానోమాచిలో ఆ మనిషి లేచి నిలబడిన రోజుకు విలువ ఉండేది కాదు.

టోక్యో నుంచి క్యోటోకు నొజోమి షింకాన్‌సెన్‌లో రెండు గంటల పావు. ఈ ప్రయాణికుడి కళ్లు మాత్రం రైలు వేగం కంటే ప్లాట్‌ఫారం మీద జరిగే పని మీదే నిలిచాయి. చక్రాల కుర్చీలో ఒక యువతి వచ్చింది. స్టేషన్ ఉద్యోగి మడత పలక ఒకటి చంకన పెట్టుకుని ముందుగానే ఆ తలుపు దగ్గర నిలుచున్నాడు. రైలు ఆగగానే పలకను గడపకూ ప్లాట్‌ఫారానికీ మధ్య పరిచాడు, ఆమె ఎక్కింది, పలక తీశాడు, దిగాల్సిన స్టేషన్‌కు కబురు చెప్పాడు. ఇదంతా నిమిషం లోపు. అక్కడ ఎవరూ ఆగి చూడలేదు. కాళ్ల కింద చూపులేనివారి కోసం వేసిన పసుపు గడుల దారి. అలాంటి గడులను మొదట కనిపెట్టి 1967లో ఒకయామా పట్టణంలో వేయించింది కూడా జపాన్‌వాడే, సెయిచి మియాకే. మూలకణాల కోసం ఎదురుచూసేలోపు మనుషులు బతకాలి, పనికి పోవాలి, చుట్టాలింటికి వెళ్లాలి. ఆ సంగతి ఈ దేశం మరిచిపోలేదు.

క్యోటోలో కెయిహాన్ రైలు దిగి కామో నది పక్కన కాసేపు నడిస్తే షోగోఇన్ వీధుల్లో సిరా వస్తుంది. ఐపీఎస్ కణాల పరిశోధనకే కట్టిన సంస్థ ఇది, 2010లో మొదలైంది. దీనికి ప్రాణం పోసింది షిన్యా యమనాకా. ఆయన మొదట ఎముకల డాక్టరు కావాలనుకున్నారు. కత్తి పట్టుకుంటే చేయి తిరిగేది కాదని ఆయనే చెప్పుకున్నారు. వెన్నుపాము దెబ్బతిన్న రోగుల దగ్గర ఏ సర్జన్ చేతిలోనూ మందు లేదన్న సంగతి కూడా ఆయనను ప్రయోగశాల వైపు తిప్పింది. 2006లో ఎలుక చర్మ కణాల్లోకి నాలుగు జన్యువులను పంపి, వాటిని పిండదశ కణాల లాంటి స్థితికి వెనక్కి తీసుకెళ్లారు. మరుసటి ఏడాది మనిషి కణాలతో అదే చేశారు. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ వచ్చింది. పెద్దయిన కణం మళ్లీ ఏ కణమైనా కాగలదని తేలాక, పిండాల నుంచి కణాలు తీయాల్సిన నైతిక చిక్కు చాలావరకు తొలగింది. అప్పటిదాకా గర్భస్రావ పిండాల కణాలతో పనిచేసి, వాటిని మనుషుల్లో వాడే దారి తమ దేశంలో మూసుకుపోవడంతో ఆగిపోయిన కేయో బృందానికి ఇది సరిగ్గా కావలసిన సమయానికి వచ్చింది.

కానీ వెన్నుపాముకు గడియారం ఒకటుంది. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో అక్కడ వాపు, రక్తస్రావం, రోగనిరోధక కణాల దాడి. ఆ మంటలో కొత్త కణాలు వేస్తే అవీ చస్తాయి. నెల దాటితే మచ్చ గట్టిపడటం మొదలవుతుంది, కణజాలం కరిగిపోయిన చోట నీటి తిత్తి మిగులుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న కిటికీ చిన్నది. కేయో ప్రయోగంలో గాయమైన 14వ రోజు నుంచి 28వ రోజు లోపు వాళ్లనే తీసుకున్నారు. రోగి సొంత చర్మం నుంచి ఐపీఎస్ కణాలు తయారుచేసి, పరీక్షించి, నాడీ కణాలుగా మలచడానికి నెలలు పడుతుంది. అప్పటికి కిటికీ మూసుకుపోతుంది.

అందుకే క్యోటో దాతల కణాల నిల్వ పెట్టుకుంది. కణజాల గుర్తులు ఎక్కువమందికి సరిపడే అరుదైన దాతలను వెతికి, వాళ్ల కణాలను ఐపీఎస్‌గా మార్చి గడ్డకట్టించి దాచారు. ఏడుగురు దాతల నుంచి వచ్చిన నిల్వ జపాన్ జనాభాలో దాదాపు 40 శాతానికి సరిపోతుందని లెక్క. అన్నింటికంటే ఎక్కువమందికి కలిసే ఒక్క రకమే 17 శాతానికి సరిపోతుంది. జనంలో పోలికలు ఎక్కువ ఉన్న దేశం కాబట్టి ఇది సాధ్యమైంది. ఇన్ని కులాలు, ఇన్ని పెళ్లి సంప్రదాయాలు ఉన్న మన దేశంలో ఇలాంటి బ్యాంకు కట్టాలంటే ఎంతోమంది దాతలను వెతకాల్సి వస్తుంది. ఆ పని ఎవరో ఒకరు మొదలుపెట్టక తప్పదు.

సిరాకు దగ్గర్లోనే కోజిన్ వంతెన. దాని పక్కన నదిలో అడ్డంగా రాళ్లు వేసి ఉంటాయి, కొన్ని తాబేలు ఆకారంలో, కొన్ని పిట్ట ఆకారంలో. స్కూలు పిల్లలు సంచులు ఊపుకుంటూ ఒక్కో రాయి మీదికి గెంతుతూ అవతలి ఒడ్డుకు పోతున్నారు. నీళ్లలో కొంగ ఒకటి కదలకుండా నిలబడి ఉంది. ఆ ఒడ్డున కూర్చుని ప్రయాణికుడు ఆలోచించింది కణాల గురించి కాదు, కణాలు పడే చోటు గురించి.

స్పెయిన్‌కు చెందిన సాంటియాగో రామోన్ ఇ కహాల్ ఒక శతాబ్దం కిందటే మైక్రోస్కోపులో చూసి చెప్పారు: తెగిన వెన్నుపాము తంతువులు కాస్త మొలకెత్తుతాయి, తర్వాత ఆగిపోతాయి. చేతిలోనో కాలిలోనో నరం తెగితే రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. వెన్నులో ఎందుకు పెరగదు? 1980ల మొదట్లో మాంట్రియల్‌లో ఆల్బర్ట్ అగ్వాయో బృందం ఎలుక కాలి నరం ముక్కను వెన్నుపాముకు అంటుకట్టింది. ముందుకు కదలవనుకున్న వెన్నుపాము తంతువులు ఆ ముక్కలో సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. పెరిగే శక్తి నాడీకణంలో ఉంది, పెరగనివ్వని గుణం చుట్టూ ఉన్న నేలలో ఉంది. ఈ ఒక్క ప్రయోగం ఆ రంగాన్నంతా మలుపు తిప్పింది.

బయోమెటీరియల్స్ అవసరం వచ్చేది ఇక్కడే. అంటే శరీరం తిప్పికొట్టకుండా తనలో కలుపుకునే పదార్థాలు: కొల్లాజెన్, ఫైబ్రిన్, హయలురోనిక్ ఆమ్లం, నెమ్మదిగా కరిగిపోయే పాలిమర్లు. దొండపాదుకు పందిరి లేకపోతే నేలమీదే చుట్టుకుని కుళ్లిపోతుంది. కణాలకూ తంతువులకూ ఈ పదార్థం అలాంటి పందిరి. గుంతను నింపాలి, దారి చూపాలి, తిండి అందించాలి, పని అయ్యాక కరిగిపోవాలి. నరాల విషయంలో క్యోటోకు దీనితో సొంత అనుబంధం ఉంది. పాలిగ్లైకోలిక్ ఆమ్లం దారాలతో గొట్టం అల్లి, లోపల కొల్లాజెన్ నింపి, తెగిన నరం రెండు కొసలనూ దాని రెండు చివర్లలో పెట్టి కుట్టే పద్ధతి క్యోటో యూనివర్సిటీ పరిశోధన నుంచి వచ్చింది. తోయోబో కంపెనీ దాన్ని నెర్‌బ్రిడ్జ్ పేరుతో తయారుచేస్తుంది. 2013లో జపాన్ అనుమతి లభించింది. కాలు, చేతి నరాలకు అది పనికొస్తుంది. వెన్నుపాములో తెగేది ఒక్క నరం కాదు. పైకీ కిందికీ పోయే లక్షల తంతువుల్లో ఏది ఎక్కడికి పోవాలో గొట్టానికి తెలియదు.

మూలకణాన్నీ మోసే పదార్థాన్నీ కలిపి మనిషికి పెట్టిన చరిత్ర మన దగ్గరా ఉంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి కంటి అంచు మూలకణాలను ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి, రసాయనాలతో కాలిపోయిన కళ్లకు అతికిస్తూ వచ్చారు. బంజారా హిల్స్‌లో కళ్లకు దొరికిన ఫలితం వెన్నుకు ఎందుకు దొరకలేదని రోగులు అడుగుతారు. కన్ను బయటి అవయవం, పొర పలచన, అక్కడ కావలసింది ఒకే రకం కణం, పాడైతే తీసి మళ్లీ పెట్టవచ్చు. వెన్నులో చిటికెన వేలంత మందం ఉన్న తాడులో కత్తి తగిలితే, మిగిలి ఉన్న కొంచెం కూడా పోవచ్చు.

ప్రయోగశాలల్లో మాత్రం అద్భుతాలు జరుగుతున్నాయి. 2019లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో షావోచెన్ చెన్, మార్క్ టుజిన్‌స్కీ బృందాలు ఎలుక వెన్నుపాము కొలతకు సరిపోయే రెండు మిల్లీమీటర్ల పందిరిని కాంతితో 1.6 సెకన్లలో ముద్రించాయి. అందులో 200 మైక్రోమీటర్ల సన్నని సొరంగాలు. వాటిలో నాడీ మూలకణాలు నింపి ఎలుకలకు పెడితే తంతువులు గీత గీసినట్టు తిన్నగా పెరిగాయి. 2021లో షికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో శామ్యూల్ స్టుప్ బృందం అసలు కణాలే లేకుండా, పెప్టైడ్ ముక్కల ద్రవాన్ని ఎక్కించింది. ద్రవం శరీరంలోకి వెళ్లగానే నానో దారాల జెల్‌గా మారింది. ఆ దారాల్లో అణువులు ఎంత చురుగ్గా కదిలితే కణాలు అంత బాగా స్పందించాయి. గాయమైన మర్నాడు ఒక్క సూది వేస్తే, నాలుగు వారాలకు ఎలుకలు నడిచాయి. చైనాలో జియాన్‌వు దాయ్ బృందం ఇంకో అడుగు వేసి, 2015లో తియాన్‌జిన్‌లో కొల్లాజెన్ పందిరిని మనుషుల వెన్నులోనే పెట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక కంపెనీ కథ చెప్పాలి, ఎందుకంటే దీన్ని చెప్పకుండా దాటవేసేవాళ్లే ఎక్కువ. అమెరికాలో ఇన్‌వివో థెరప్యూటిక్స్ కరిగిపోయే పాలిమర్‌తో స్పాంజి లాంటి ముక్క తయారుచేసింది. 2014లో ఫీనిక్స్ నగరంలో మొదటి రోగికి పెట్టారు. మొదటి ప్రయోగంలో పోలిక కోసం వేరే గుంపు లేదు. పెట్టినవాళ్లలో కొందరు మెట్టు మారారు, ఆశ పెరిగింది. తర్వాత సరైన ప్రయోగం చేశారు: సగం మందికి ముక్క పెట్టారు, సగం మందికి పెట్టలేదు. 2023లో లెక్క తీస్తే ఆశించిన తేడా కనబడలేదు. మరుసటి ఏడాది కంపెనీ దివాలా తీసింది. ఓడిపోయిన ఆ ప్రయోగానికి నమస్కారం పెట్టాలి. తమ సరుకే ఓడే అవకాశం ఉన్న పరీక్షకు వాళ్లు ఒప్పుకున్నారు, ఒప్పుకుని ఫలితం చెప్పారు.

ఈ మాట మనసులో పెట్టుకుని సప్పోరో వెళ్లాలి. న్యూ చితోసే విమానాశ్రయం నుంచి రైలెక్కితే దారి పొడుగునా మంచు. ఊళ్లో రబ్బరు చక్రాల మీద నడిచే మెట్రో. వీధులకు పేర్లుండవు, దిక్కులూ అంకెలే చిరునామా. దక్షిణం 1, పడమర 17 అంటే సప్పోరో వైద్య విశ్వవిద్యాలయం. రోడ్డు దాటే చోట్ల పెట్టెల్లో ఇసుక పొట్లాలు పెట్టి ఉంటాయి. కాలిబాట మీద గడ్డకట్టిన మంచు గాజులా మెరుస్తోంటే, పాదచారులే పొట్లం చింపి ముందుకు చల్లుకుంటూ నడుస్తారు. ఒక ముసలమ్మ ఇసుక చల్లి, తనతో వస్తున్న ముసలాయన ఆ ఇసుక మీద అడుగు పెట్టేదాకా ఆగి, తర్వాత తను కదిలింది. ఇది మర్యాద మాత్రమే కాదు. జపాన్‌లో 2018లో జరిగిన దేశవ్యాప్త సర్వే ప్రకారం వెన్నుపాము గాయాలకు మొదటి కారణం నేల మీద నడుస్తూ పడిపోవడం, దాని తర్వాతే రోడ్డు ప్రమాదాలు. గాయపడినవారి మధ్యస్థ వయసు 70. అరిగిన మెడ ఎముకలతో జారిపడితే చాలు, చేతులూ కాళ్లూ పడిపోతాయి.

ఈ ఊరి పద్ధతి కేయో పద్ధతికి పూర్తిగా వేరు. ఒసాము హోన్‌మో బృందం రోగి తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, అందులోని మీసెన్‌కైమల్ మూలకణాలను పెంచి, అయిదు కోట్ల నుంచి ఇరవై కోట్ల దాకా కణాలను సెలైన్‌లా చేతి రక్తనాళంలోకే ఎక్కిస్తుంది. వెన్ను తెరవాల్సిన పని లేదు. సొంత కణాలే కాబట్టి తిప్పికొట్టే బెడద లేదు. నిప్రో కంపెనీ దీన్ని స్టెమిరాక్ పేరుతో తెచ్చింది. 13 మందికి చేస్తే 12 మంది కనీసం ఒక మెట్టు ఎక్కారు. 2018 డిసెంబరులో ఏడేళ్ల గడువుతో షరతుల అనుమతి లభించింది. అప్పట్లో ధర సుమారు 1.5 కోట్ల యెన్‌లు, అప్పటి మారకంలో కోటి రూపాయలకు కాస్త తక్కువ. అందులో చాలా భాగం ఆరోగ్య బీమా భరించేది.

13 మందిలో 12 మంది! నలుగురిలో ఇద్దరి పక్కన పెడితే ఇదే గొప్పగా కనిపిస్తుంది. కానీ ఆ 13 మందికీ పోలిక గుంపు లేదు. సూది వేయని ఇలాంటి రోగులు ఎంతమంది, వాళ్లలో ఎందరు కోలుకున్నారన్నది పక్కన లేకుండా 12 అనే అంకెకు బరువు రాదు. 2019 జనవరిలో నేచర్ పత్రిక ఈ పనితో సంబంధం లేని పదిమంది నిపుణులను అడిగితే, పదిమందీ తొందరపడ్డారనే ఆందోళన చెప్పారు. 2014 నుంచి అమల్లో ఉన్న జపాన్ చట్టం కణ చికిత్సలకు తొలి సూచనలు బాగుంటే ముందు అమ్మకానికి వదిలి, తర్వాత రుజువు తెమ్మంటుంది. దీని వెనక దయ ఉంది: మంచం మీద ఉన్నవాళ్లకు పదేళ్లు ఆగే తీరిక లేదు. చిక్కు కూడా అందులోనే ఉంది. డబ్బు కట్టి తీసుకున్న రోగుల్లో నిజమైన పోలిక గుంపు దొరకదు. ఇదే చట్టం కింద 2015లో అనుమతి పొందిన హార్ట్‌షీట్ అనే, గుండెకు అతికించే కండరకణాల పొర 2024లో రుజువు చూపలేక అనుమతికి తగదనిపించుకుంది. ఆ తొమ్మిదేళ్లూ రోగులు దాన్ని చికిత్సగానే తీసుకున్నారు. దయ పేరుతో రుజువును వాయిదా వేయడం రోగికి మేలు చేయదని ఈ రచన అభిప్రాయం. కేయో నలుగురి లెక్క చిన్నదే, అయినా అది అడిగింది భద్రత సంగతే కాబట్టి దానితో ముందుకు పోవచ్చు.

తొందరకు ఇంకో రకం మూల్యం ఉంది. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయిన ఒక అమెరికన్ యువతి పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొర కణజాలాన్ని వెన్నులో పెట్టించుకుంది. కదలిక రాలేదు. ఎనిమిదేళ్ల తర్వాత వెన్నులో నొప్పి మొదలైతే తెరిచి చూశారు. ముక్కు పొర అక్కడే పెరిగి, చీమిడి లాంటి ద్రవం ఊరుతూ గడ్డ కట్టింది. వైద్య పత్రికలో ఈ సంగతి 2014లో వచ్చింది. మూలకణం తనకు తెలిసిన పని చేసుకుపోతుంది. ఎక్కడున్నా అదే పని.

తెలంగాణలో వెన్ను విరిగేది మంచు మీద కాదు. తాటిచెట్టు మీద. మోకు జారి పడిన గీత కార్మికుల వార్త పత్రికల్లో జిల్లా పేజీల్లో తరచూ కనబడుతుంది. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లూ బెల్టులూ ఉన్న కిట్లు పంచడం మొదలుపెట్టింది. మూలకణాల గురించి రాసే చోట తాళ్ల కిట్టు మాట ఎందుకంటే, విరగని వెన్నును మించిన ఫలితం ఇంకా ఏ ప్రయోగశాలా చూపలేదు. పడ్డాక కూడా మొదటి గంట ముఖ్యం. చెట్టు కింద పడ్డవాణ్ని నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెడితే, అప్పటిదాకా మిగిలి ఉన్న తంతువులు ఆ ఎత్తడంలోనే తెగిపోవచ్చు. మెడ కదలకుండా, చెక్క మీద పడుకోబెట్టి తీసుకెళ్లాలి. 14వ రోజు నుంచి 28వ రోజు దాకా ఉన్న కిటికీ వీళ్లలో కొందరికి మొదటి పెద్దాసుపత్రి దొరికేసరికే సగం మూసుకుపోవచ్చు.

సప్పోరోలో ఆ సాయంత్రం, ఒదోరి పార్కు పక్కన నూడుల్స్ గిన్నె ముందు కూర్చున్నప్పుడు, నల్గొండ దగ్గరి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన దగ్గర ఫిజియోథెరపీ చేయించుకుంటున్న గీత కార్మికుడి భార్య.

"సార్, మీరు జపాన్ పోయిన్రట గదా. గాడ సూది ఏస్తే లేస్తున్నరంట. మా ఆయనకు ఏపిస్తే లేస్తడా?"

"ఆయన పడి ఎన్నేండ్లయింది చెల్లె?"

"మూడేండ్లు దాటింది సార్."

"ఈడ ఏసేది పడ్డ నెల లోపల ఉన్నోళ్లకే. నలుగురికి ఏసిన్రు, ఇద్దరికి కొంచెం గుణం కనబడ్డది. ఏండ్లు దాటినోళ్లకు ఇంకా తోవ దొరకలే. వెతుకుతున్నరు."

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత అసలు సంగతి బయటికి వచ్చింది. పట్నంలో ఎవరో స్టెమ్‌సెల్ సూదులు మూడు వేస్తే నడుస్తాడని చెప్పారట, లక్షల్లో అడుగుతున్నారట. ఉన్న ఎకరం బేరం పెట్టారు. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగిలినవేవీ చికిత్స కిందికి రావు. వెన్నుపాముకు మూలకణాలు వాడాలంటే అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి. ట్రయల్ అయితే దేశంలోని ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్‌ఐ రిజిస్టర్‌లో నమోదై నంబరు ఉండాలి. ఆయన గిన్నె పక్కకు జరిపి ఇదంతా ఆమెకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పారు.

"ఎకరం అమ్మకు చెల్లె. గా దవాఖానోళ్లను సీటీఆర్‌ఐ నంబరు అడుగు. ట్రయల్ పేరు మీద పైసలు అడిగితే లేచి వచ్చెయ్యి. ఆయన తుంటి మీది పుండు ఎట్లున్నది?"

"ఎండుతున్నది సార్. రాత్రి రెండు గంటలకోసారి పక్క మారుస్తున్న."

"గదే గట్టిగ పట్టుకో. నేను రాంగనే చేతుల కసరత్తు పెంచుదాం. కుర్చీ నుంచి మంచం మీదికి తనే జరిగేటట్టు చేద్దాం."

"సరే సార్. గా నంబరు పేరేందో మళ్లొకసారి చెప్పుండ్రి. పిల్లగాని నోట్‌బుక్కుల రాపిస్త."